తడి చెత్తలో శక్తి ఉంది సరే, నీళ్ళ సంగతేంటి?

తడి చెత్తను వేడిచేసి ఇంధనం తీసే యంత్రం గురించి ఎక్కడ వార్త వచ్చినా అందులో ఒక ముక్క తప్పకుండా ఉంటుంది: "చెత్త బరువు 80 శాతం తగ్గిపోతుంది" అని. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. అందులో 80 శాతం నీళ్ళే ఉన్నప్పుడు, ఆ నీళ్ళను ఆవిరి చేస్తే బరువు తగ్గక పెరుగుతుందా? చెత్తలోని అసలు సరుకు ఎంత ఉండాలో అంతా అలాగే ఉంది, ఎగిరిపోయింది నీళ్ళు మాత్రమే. వాటిని ఎగరగొట్టడానికి ఎంత వేడి పోశారు, ఆ వేడి ఎక్కణ్ణుంచి తెచ్చారు, వచ్చిన ఆవిరిని ఏం చేశారు అన్నవి మాత్రం ఎవరూ రాయరు.

నేను ఈ టెక్నాలజీకి వ్యతిరేకిని కాను, ముందే చెప్పేస్తున్నాను. తడి చెత్తకు, మురుగునీటిని శుద్ధి చేశాక మిగిలే బురదకు వేడి తగిలించడం చాలా చోట్ల మంచి పనే. కానీ దాన్ని నీళ్ళు వదిలించుకునే పద్ధతిగా చూసి కట్టిన ప్లాంట్లు నిలబడుతున్నాయి, ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీగా చూసి కట్టినవి చాలావరకు చేతులు కాల్చుకున్నాయి. ఈ తేడా యాదృచ్ఛికం కాదని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. అంకెలంటే విసుగున్నవాళ్ళు కూడా ఈ రెండు పేరాలు ఓపిక పట్టండి, మిగతాదంతా వీటి మీదే నిలబడింది.

కిలో నీటిని గది వేడి నుంచి 100 డిగ్రీల దాకా తేవడానికి సుమారు 0.3 మెగాజౌళ్ళ (మెగాజౌల్ అంటే వేడిని కొలిచే యూనిట్) వేడి చాలు. అక్కణ్ణుంచి ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా, ఆ మరిగే నీటినే ఆవిరిగా మార్చడానికి ఇంకో 2.26 మెగాజౌళ్ళు కావాలి. బడిలో గుప్తోష్ణం అని బట్టీపట్టి, పరీక్ష అయ్యాక మరిచిపోయాం చూడండి, అదే ఇది. మరగబెట్టడానికి పట్టినదానికి ఏడు రెట్లు, కళ్ళకు కనబడని ఈ మార్పుకే పోతుంది. రెండూ కలిపి 2.6 దాకా వస్తుంది. నిజమైన డ్రయ్యర్లలో గోడల గుండా, పొగగొట్టం గుండా పోయేది కూడా కలుపుకుంటే కిలో నీటికి 3 మెగాజౌళ్ళ దగ్గర తేలుతుంది.

ఇక చెత్త వైపు చూడండి. వంటింటి చెత్త పూర్తిగా ఎండితే కిలోకి దాదాపు 18 మెగాజౌళ్ళు ఇస్తుంది, ఎండు కట్టెతో పోటీపడుతుంది. అయితే మన చేతికొచ్చే చెత్త ఎండుది కాదు. 75 శాతం నీళ్ళున్న కిలో చెత్త తీసుకుంటే అందులో ఎండు సరుకు పావుకిలో, అంటే 4.5 మెగాజౌళ్ళు. ముప్పావు కిలో నీళ్ళు ఎగరగొట్టడానికి 2.25 ఖర్చు. సగం అక్కడికక్కడే పోయింది. 90 శాతం నీళ్ళున్న సరుకైతే రాబడి 1.8, ఖర్చు 2.7, అంటే మన జేబులోంచే వేసుకోవాలి. బయోగ్యాస్ తీసేశాక మిగిలిన మురుగు బురద ఇంకా అన్యాయం. అందులో బూడిద ఎక్కువ కాబట్టి ఎండినా కిలోకి 12 దగ్గరే ఆగుతుంది. 80 శాతం నీళ్ళతో ఉన్న కిలో బురదకు 2.4 వస్తే 2.4 పోతుంది. పగలంతా మంట పెట్టి, సాయంత్రానికి చేతిలో బూడిద.

ఇక్కడ చాలామంది అడిగేది, మంట పెట్టేముందు నీళ్ళు పిండేయొచ్చు కదా అని. పిండాలి, పిండుతున్నారు కూడా, కానీ అది ఎంతవరకు సాగుతుందో తెలియాలంటే మురుగు శుద్ధి కేంద్రంలో సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి నీళ్ళు వేరుచేసే యంత్రం) నుంచి పడే బురద ముద్దను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి (గ్లవ్స్ వేసుకునే లెండి). నల్లగా, మెత్తగా ఉంటుంది. గుప్పిట బిగించి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి ముద్ద బయటికొస్తుంది గానీ చుక్క నీరు కారదు. పారతో ఎత్తి లారీలో పోయొచ్చు. చూసినవాళ్ళెవరైనా ఇది ఆరిపోయిందనే అంటారు. కానీ ఆ కిలో ముద్దలో 750 నుంచి 800 గ్రాములు నీళ్ళే! ఆ నీళ్ళు కొన్ని బాక్టీరియా కణాల లోపల ఉంటాయి, కొన్ని ఆ కణాలు తమ చుట్టూ స్రవించుకున్న జిగురులో చిక్కుకుని ఉంటాయి, కొన్ని రేణువుల ఉపరితలాన్ని పట్టుకుని వదలవు. ఎంత పెద్ద మెషీన్ పెట్టి ఎంత వేగంగా తిప్పినా మామూలు బురద 20 నుంచి 25 శాతం ఎండు సరుకు దగ్గర మొండికేస్తుంది.

ఆ మొండితనాన్ని కొంచెం లొంగదీసినా లాభం ఎంతో చూడండి. కిలో ఎండు సరుకు వెంట 80 శాతం తేమ దగ్గర 4 కిలోల నీళ్ళు వస్తాయి. అదే 70 శాతానికి తెస్తే 2.3 కిలోలే. 50కి తేగలిగితే ఒక్క కిలో. 80 నుంచి 70కి అంటే పైకి చూస్తే పది పాయింట్ల తేడా, కానీ ఆవిరి చేయాల్సిన నీళ్ళు దాదాపు సగం తగ్గాయి. అందుకే ఈ రంగంలో నడిచే అసలు యుద్ధమంతా ఎలా కాల్చాలి అన్నదాని మీద కాదు, బురద చేత ఆ నీళ్ళు ఎలా వదిలించాలి అన్నదాని మీదే.

ఆరబెట్టేటప్పుడు ఇంకో తంటా ఉంది, పుస్తకంలో లెక్కలు వేసేవాళ్ళకు ఇది తట్టదు. బురద ద్రవంగా ఉన్నప్పుడు పారుతుంది, బాగా ఎండాక పొడిగా రాలుతుంది. ఈ రెండిటి నడుమ, సుమారు 40 నుంచి 60 శాతం ఎండు సరుకు ఉన్న దశలో, బంకగా తయారై డ్రయ్యర్ రెక్కలను పట్టుకుంటుంది. మోటారు మీద లోడ్ పెరుగుతుంది, ఒక్కోసారి షాఫ్టే ఆగిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి ఎండిన పొడిని వెనక్కి తెచ్చి తడి బురదలో కలిపి మరీ లోపలికి పంపిస్తారు, అంటే ఒకసారి ఆరబెట్టిందాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. సరే, పూర్తిగా ఎండబెట్టాక గండం గడిచిందా అంటే అదీ లేదు. ఆ పొడి గాలిలో లేస్తే నిప్పురవ్వకే పేలుతుంది, గిడ్డంగిలో పోగుపెడితే దానంతటదే వేడెక్కి రాజుకుంటుంది. ఎంత తడిసి విసిగించిందో, ఎండాక అంత టెన్షన్ పెడుతుంది.

మరి దారేది? నీళ్ళను ఆవిరి కానివ్వకుండానే వేడిచేయడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ ప్రెషర్ కుక్కర్లో జరిగేది అదే. కాకపోతే కుక్కర్ 120 డిగ్రీల దగ్గర, రెండు బార్ల పీడనం దగ్గర ఆగిపోతుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). ఇక్కడ 200 డిగ్రీల దాకా వెళ్తారు, నీరు నీరుగానే ఉండాలంటే 16 బార్ల దాకా పీడనం కావాలి. ఆవిరి కాలేదు గనక 2.26 మెగాజౌళ్ళ ఆ పెద్ద బిల్లు కట్టక్కర్లేదు. 25 నుంచి 200 డిగ్రీల దాకా కిలో నీటిని తీసుకెళ్ళడానికి 0.75 మెగాజౌళ్ళు చాలు. అందులోనూ, బయటికొచ్చే వేడి బురదతోనే లోపలికి వెళ్ళే చల్లటి బురదను వెచ్చజేసుకుంటే కొంత తిరిగి చేతికొస్తుంది. (చిక్కటి బురదతో హీట్ ఎక్స్ఛేంజర్ నడపడం అంత హాయిగా ఉండదు, గొట్టాలు పూడుకుపోతాయి, అది వేరే తలనొప్పి.)

ఆ వేడిలో నీటి స్వభావమే మారిపోతుంది. మామూలు నీటితో పోలిస్తే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోయే గుణం బాగా పెరిగి, యాసిడ్ పోయకపోయినా పోసినట్టే పనిచేస్తుంది. సెల్యులోజు గొలుసులు తెగుతాయి, కణాల గోడలు బద్దలవుతాయి, ఇందాక చెప్పుకున్న జిగురు విరిగిపోతుంది. అంతసేపూ మొండికేసిన నీళ్ళు అప్పుడు చిక్కు వదులుతాయి. కొన్ని గంటలు అలా ఉంచితే సేంద్రియ పదార్థం తనలోని ఆక్సిజన్‌ను నీటి రూపంలో, కార్బన్ డయాక్సైడ్ రూపంలో వదిలేసి గోధుమ బొగ్గులాంటి సరుకుగా మారుతుంది. దీన్ని హైడ్రోచార్ అంటారు, పద్ధతి పేరు హైడ్రోథర్మల్ కార్బనైజేషన్. ఈ సరుకును మామూలు ప్రెస్‌లో వేసి నొక్కితే చాలు, 60 శాతానికి పైగా ఎండు సరుకు దగ్గరికి వస్తుంది. అంతకుముందు సెంట్రిఫ్యూజ్ 25 దగ్గర చేతులెత్తేసిన బురదే ఇది. నా దృష్టిలో ఈ పద్ధతి సాధించిన అసలు ఘనత ఇదీ, ఆ బొగ్గు కాదు.

కొత్తగా కనిపెట్టిందేమో అనుకునేరు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బెర్గియస్ 1913 నాటికే దీన్ని వర్ణించాడు. భూమి లోపల కోట్ల ఏళ్ళలో బొగ్గు ఎలా తయారవుతుందో ప్రయోగశాలలో చూద్దామని ఆయన ప్రయత్నం. అధిక పీడన రసాయన పద్ధతులకు గాను 1931లో కార్ల్ బాష్‌తో కలిపి ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. తర్వాత చాన్నాళ్ళు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2000ల్లో పోట్స్‌డామ్ దగ్గరి మాక్స్ ప్లాంక్ సంస్థలో మార్కస్ ఆంటోనియెట్టి బృందం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాక ఊపందుకుంది. ఇక బురదను పీడనంలో ఉడికిస్తే పిండటం తేలికవుతుందన్న సంగతి ఇంగ్లండులో 1930లలోనే పోర్టియస్ పద్ధతిగా వాడకంలోకి వచ్చింది. 1960, 70లలో ఇలాంటి ప్లాంట్లు చాలా కట్టారు, తర్వాత వాటిలో చాలావరకు మూసేశారు. ఎందుకు మూసేశారో తెలుసుకోకుండా ఇవాళ కొత్తగా కట్టేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

కారణాల్లో మొదటిది వాసన. రెండోది, నా ఉద్దేశంలో అసలైనది, పిండగా వచ్చిన నీళ్ళు. ఆవిరి చేయలేదు కదా, మరి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు, ముదురు గోధుమ రంగులో, మాడిన తీపి వాసనతో అక్కడే ట్యాంకులో ఉంటాయి. చెత్తలోని కార్బన్‌లో చెప్పుకోదగ్గ వాటా ఈ నీళ్ళలోకే కరిగిపోతుంది. ఆర్గానిక్ యాసిడ్లు, ఫినాళ్ళు, ఫర్ఫ్యురాల్, ప్రొటీన్ విరిగితే వచ్చిన అమ్మోనియా, అన్నీ ఉంటాయి. మామూలు మురుగునీటిలో ఆక్సిజన్ డిమాండ్ (అందులోని మలినాలు విరగడానికి కావలసిన ఆక్సిజన్) లీటరుకు అరగ్రాము అటూఇటూ ఉంటే, ఇందులో పదుల గ్రాములు. కొంత భాగాన్ని బయోగ్యాస్ ట్యాంకులో బాక్టీరియా ఇష్టంగానే తింటాయి. కానీ చక్కెరలు, ప్రొటీన్లు కలిసి వేడిలో తయారయ్యే ఆ గోధుమ రంగు పదార్థాలను అవి ముట్టవు. అవి శుద్ధి కేంద్రం అంతా ప్రయాణం చేసి చివరికి బయటికెళ్ళే నీటికి రంగు పులుముతాయి, ఆ రంగు చివర్లో క్రిములను చంపడానికి పెట్టిన అతినీలలోహిత దీపాల వెలుతురును కూడా మింగేస్తుంది. ఒక మూల బురద సమస్య తీర్చి ఇంకో మూల నీటి సమస్య తెచ్చుకున్నట్టు. వేడి ఎంత పెంచితే ఈ రంగు అంత ముదురుతుంది, కాబట్టి 200 దాటితే ఇంకా మంచిదేగా అని వాదించేవాళ్ళు ఈ నీళ్ళు ఎవరు శుభ్రం చేస్తారో కూడా చెప్పాలి.

ఇంధనం ఫ్యాక్టరీ కథకు మంచి ఉదాహరణ అమెరికాలో మిసోరీ రాష్ట్రంలోని కార్తేజ్. ఛేంజింగ్ వరల్డ్ టెక్నాలజీస్ అనే కంపెనీ అక్కడ టర్కీ కోళ్ళ ప్రాసెసింగ్ ప్లాంటు పక్కనే ఒక కర్మాగారం కట్టింది. పేగులు, ఈకలు, ఎముకలు అన్నీ నీళ్ళతో సహా పీడనంలో ఉడికించి ముడి నూనె లాంటిది తీస్తారు. పీడనం ఒక్కసారిగా తగ్గించి నీళ్ళు ఆవిరిగా వదిలించుకుని, ఆ ఆవిరి వేడిని మళ్ళీ మొదటి దశకు వాడుకోవడం అందులో తెలివైన భాగం. టెక్నాలజీ పనిచేసింది, నూనె నిజంగానే వచ్చింది. కానీ ఆ కోళ్ళ వ్యర్థాలు ఊరికే వస్తాయని, పైగా తీసుకున్నందుకు ఎదురు డబ్బులిస్తారని వేసుకున్న లెక్క తప్పింది. పశువుల దాణా కోసం వాటిని కొనేవాళ్ళు ఉన్నారు, దాంతో కంపెనీ కూడా కొనుక్కోవాల్సి వచ్చింది. పైనుంచి వాసన గురించి ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదులు. 2005 డిసెంబరులో రాష్ట్ర గవర్నర్ మూయించారు, తర్వాత మళ్ళీ తెరిచారు, 2009లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. చమురు ధరతో పోటీపడే సరుకు అమ్మి బతకాలనుకున్నవాళ్ళకు చెత్త ధర, వాసన ఖర్చు రెండూ అడ్డం తిరిగాయి.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది థర్మల్ హైడ్రాలిసిస్. ఇందులో బొగ్గు చేసే ఆశ లేదు, నూనె తీసే ఆశ లేదు. బురదను 165 డిగ్రీల దగ్గర, 6 బార్ల పీడనంలో అరగంట లోపు ఉంచి, ఒక్కసారిగా పీడనం తీసేస్తారు. కణాలు లోపలి నుంచి పగిలిపోతాయి. ఆ పగిలిన సరుకును బయోగ్యాస్ ట్యాంకుకు పంపిస్తారు, అంతే. నార్వే కంపెనీ క్యాంబి 1990ల నడుమ సొంత దేశంలోని హామార్ దగ్గర మొదలుపెట్టింది, ఇవాళ అనేక దేశాల్లో నడుస్తోంది. వాషింగ్టన్ నగరపు బ్లూ ప్లెయిన్స్ మురుగు శుద్ధి కేంద్రంలో 2015లో ఇదే పెట్టారు. బయటికి పంపాల్సిన బురద సగం దాకా తగ్గింది, రోగక్రిములు చచ్చాయి, ట్యాంకుల్లో గ్యాస్ పెరిగింది, దాంతో సుమారు 10 మెగావాట్ల కరెంటు వస్తోంది. ఇంత పేరున్న ప్లాంటులో కూడా ఆ కరెంటు దాని సొంత అవసరంలో మూడో వంతు! అంటే ఊరికి కరెంటు అమ్మడం దేవుడెరుగు, తన ఇంటి బిల్లే పూర్తిగా కట్టుకోలేదు. అయినా ప్లాంటు లాభమే, ఎందుకంటే దాన్ని కట్టింది లారీలకెక్కించే నీళ్ళు తగ్గించడానికి. కరెంటు కొసరు.

"బయోగ్యాస్ పాత పద్ధతి, నెల్లాళ్ళు పడుతుంది, వేడి పద్ధతులు గంటల్లో తేలుస్తాయి" అనేవాళ్ళకు ఒక చిన్న లెక్క. పైన చెప్పిన 75 శాతం తేమ ఉన్న చెత్త ఒక టన్ను ఆరబెట్టి కాల్చితే నికరంగా మిగిలేది 2.25 గిగాజౌళ్ళు (గిగాజౌల్ అంటే వెయ్యి మెగాజౌళ్ళు). అదే టన్ను వంటింటి చెత్త నుంచి బాక్టీరియా 100 నుంచి 150 ఘనపు మీటర్ల గ్యాస్ ఇస్తాయి, అంటే సుమారు 2.2 నుంచి 3.2 గిగాజౌళ్ళు, అదీ 37 డిగ్రీల దగ్గర, చుక్క నీరు ఆవిరి చేయకుండా. ట్యాంకును వెచ్చగా ఉంచడానికి ఇందులోంచి కొంత పోతుంది, ఒప్పుకుంటాను. కట్టెపుల్లల్లో ఉండే లిగ్నిన్ వాటికి అరగదు, అదీ నిజమే. మిగిలిన పలచటి ద్రవాన్ని ఏదో ఒకటి చేయాలి. కానీ ఎంతో ఖరీదైన స్టీలు, పీడనం, మంట పెట్టి సాధించేది నిశ్శబ్దంగా పనిచేసే బాక్టీరియా కన్నా ఎక్కువేం కాదని తెలిస్తే, వేడిని ఎక్కడ వాడాలన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది. బాక్టీరియాకు ముందు, వాటికి కొరుకుడుపడని దాన్ని మెత్తబరచడానికి వాడాలి. లేదా వాటి తర్వాత, మిగిలిన మడ్డి నుంచి నీళ్ళు పిండడానికి.

ఇంకా పైకి వెళ్ళే పద్ధతులూ ఉన్నాయి. 300 డిగ్రీలు దాటించి నూనె తీసేది ఒకటి, 374 డిగ్రీలు, 221 బార్లు దాటించి నీటిని ద్రవమూ ఆవిరీ కాని స్థితికి తెచ్చి చెత్తను అందులోనే దహించేది ఇంకొకటి. రసాయన శాస్త్రం అద్భుతం, కానీ ఆ స్థితిలో ఉప్పు నీటిలో కరగకుండా గొట్టాలకు పట్టేస్తుంది, లోహాన్ని తినేస్తుంది. విషపూరితమైన వ్యర్థాలకైతే ఆ ఖర్చు పెట్టొచ్చు, కూరగాయల తొక్కలకు మాత్రం వద్దు.

తొక్కలంటే గుర్తొచ్చింది, వంటగట్టు మీద పెట్టుకునే కరెంటు యంత్రాల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. రాత్రి చెత్త వేసి బటన్ నొక్కితే తెల్లారేసరికి గుప్పెడు పొడి, దాన్ని కంపోస్టు అని అమ్ముతారు. ఆ పొడి నేను చూశాను, వేళ్ళతో నలిపితే కరకరలాడుతుంది, వాసన కూడా బాగానే ఉంటుంది. దాని మీద కాసిని నీళ్ళు చల్లి ఒక మూల పెట్టండి. కొద్ది రోజులకే బూజు పట్టి, మొదట్లో చెత్తకున్న కంపే తిరిగొస్తుంది, ఎందుకంటే అది కుళ్ళనే లేదు, ఎండింది అంతే. కిలో నీళ్ళు ఎగరగొట్టడానికి ఎంత తెలివైన యంత్రానికైనా, ఆ ఆవిరి వేడిని వెనక్కి పట్టుకోనంతవరకు, సుమారు 0.7 యూనిట్లకు తక్కువ కరెంటు సరిపోదు. చెత్తను కొన్నాళ్ళు వాసన రాకుండా దాచుకోవడానికి అది పనికొస్తుంది, ఆ మాటే చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు.

ఆవిరి వేడిని వెనక్కి పట్టుకోవడం అన్నాను కదా, ఆరబెట్టడాన్ని సమర్థించేవాళ్ళకు ఉన్న అసలైన బలం అదే. ఆవిరిగా పోయిన 2.26 మెగాజౌళ్ళు మాయమైపోలేదు, మళ్ళీ నీరుగా మార్చితే అంతా తిరిగిస్తుంది. ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి దాని వేడి పెంచి అదే యంత్రానికి మళ్ళీ వాడే పద్ధతి పాల పొడి ఫ్యాక్టరీల్లో, పాలను చిక్కబరిచే దశలో, ఎప్పట్నుంచో ఉంది. బురద దగ్గర అది కష్టం, ఎందుకంటే ఆ ఆవిరిలో గాలి, అమ్మోనియా, దుమ్ము కలిసి ఉంటాయి. పోనీ అంత చేయలేకపోయినా, ఆ ఆవిరిని చల్లార్చితే వచ్చే 60, 70 డిగ్రీల వేడినీటితో బయోగ్యాస్ ట్యాంకును వెచ్చగా ఉంచొచ్చు. 2015లో బిల్ గేట్స్ మలం నుంచి తీసిన నీళ్ళు తాగి చూపించిన ఆమ్నీ ప్రాసెసర్ కూడా ఈ రకమే. ఎండిన మలాన్ని కాల్చి ఆవిరి ఇంజన్ నడిపి, ఇంజన్ వదిలేసిన వేడితోనే తర్వాతి తడి మలాన్ని ఆరబెడుతుంది. ఒకే వేడిని రెండు పనులకు వాడటం వల్లే అది తన కాళ్ళ మీద నిలబడగలిగింది.

అలాగే సిమెంటు కొలిమి పక్కనో, పవర్ ప్లాంటు పక్కనో, పొగగొట్టంలో వృథాగా పోయే వేడితో బురద ఆరబెడతామంటే నేను మారుమాట్లాడను. ఎలాగూ పోయే వేడి అది, కిలోకి 3 మెగాజౌళ్ళు పట్టినా 4 పట్టినా ఎవరికీ నష్టం లేదు. కొత్తగా గ్యాస్ కొనో, బొగ్గు కొనో తడి చెత్తను ఆరబెట్టి దాన్నుంచి "గ్రీన్ ఎనర్జీ" తీస్తున్నామనే వాళ్ళను మాత్రం నేను రెండే అడుగుతాను: లోపలికి వెళ్ళిన ప్రతి టన్ను నీళ్ళకూ ఎంత ఇంధనం కాలింది, ఆ నీళ్ళు ఇప్పుడు ఏ కాలవలో, ఏ ట్యాంకులో ఉన్నాయి. ఇప్పటిదాకా నేను చూసిన బ్రోషర్లలో మొదటిదానికి జవాబు అప్పుడప్పుడు దొరికింది. రెండోదానికి ఒక్కదాంట్లోనూ లేదు.